గాల్వేలో ఆఫర్ వచ్చింది, ఇద్దరు పిల్లలతో వెళ్లొచ్చా? అక్కడున్నవాళ్లు చెప్పండి

మియాపూర్_కోడలు:

అందరికీ నమస్తే. మా ఆయనకి గాల్వేలో, అంటే ఐర్లాండ్ పడమటి తీరంలో ఉన్న ఊళ్లో, ఒక మెడికల్ డివైజెస్ కంపెనీలో క్వాలిటీ ఇంజనీర్‌గా ఆఫర్ వచ్చింది. జీతం ఏడాదికి 58,000 యూరోలు, క్రిటికల్ స్కిల్స్ పర్మిట్, అంటే అక్కడ పనిచేయడానికి కావాల్సిన అనుమతి, కంపెనీయే చూసుకుంటుంది, ఆఫీసు పార్క్‌మోర్ అన్న చోట. మేము మియాపూర్‌లో ఉంటాం. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తున్నాను, పాప నాలుగో తరగతి, బాబుకి ఈమధ్యే మూడేళ్లు నిండాయి. అత్తగారు మాతోనే ఉంటారు, మేమిద్దరం ఆఫీసులకి వెళ్తే బాబుని చూసుకునేది ఆవిడే.

డబ్లిన్ గురించి చెప్పేవాళ్లు చాలామంది దొరికారు గానీ గాల్వేలో ఉన్నవాళ్లు మాకు తెలిసినవాళ్లలో ఒక్కరూ లేరు. మా ఆయన ఫొటోలు చూసి సముద్రం పక్కన చిన్న ఊరు, యూనివర్సిటీ ఉంది, పిల్లలు హాయిగా పెరుగుతారు అంటున్నారు. నేను మాత్రం అద్దె ఇల్లు దొరకదని చదివాను, వాన తెరిపి ఇవ్వదని చదివాను, 2025లో అక్కడ మనవాళ్ల మీద జరిగిన దాడుల వార్తలు చూసి మా అమ్మ వద్దే వద్దంటోంది. ఇక్కడి ఉద్యోగం వదులుకుని వస్తే అక్కడ నాకు పని దొరుకుతుందా అన్నది ఇంకో టెన్షన్. అందరం కలిసి రావాలా, ఆయన ముందు రావాలా? ఉన్నది ఉన్నట్టు చెప్పండి, నా ధైర్యం కోసం తీపి మాటలు వద్దు.

కారిబ్_గట్టు:

నేను పార్క్‌మోర్‌లోనే పనిచేస్తానండి, మాది తెనాలి, ఇక్కడికొచ్చి చాలా ఏళ్లయింది. ఉద్యోగం గురించి మీరు దిగులు పడక్కర్లేదు. ఊరు చిన్నదే, జనాభా 80 వేల పైచిలుకు, కానీ మెడ్‌ట్రానిక్, బోస్టన్ సైంటిఫిక్ లాంటి కంపెనీలు ఇక్కడే స్టెంట్లు, కాథెటర్లు తయారు చేస్తాయి, వాటి చుట్టూ చిన్న కంపెనీలు బోలెడు. క్వాలిటీ, వాలిడేషన్ అనుభవం ఉన్నవాళ్లకి ఒకచోట కాకపోతే ఇంకోచోట పని ఉంటుంది. పర్మిట్ మీద తొమ్మిది నెలలు దాటాక కంపెనీ మారొచ్చు, రెండేళ్లకి స్టాంప్ 4 అనే నివాస అనుమతి వస్తే ఇక పర్మిట్ గొడవే ఉండదు.

కష్టమంతా ఇంటిదే. ఇల్లు కుదిరేదాకా మిగతా ఏ లెక్కా వేయకండి. ఇక్కడ యూనివర్సిటీ ఆఫ్ గాల్వే ఉంది, అట్లాంటిక్ టెక్నలాజికల్ యూనివర్సిటీ క్యాంపస్ ఉంది, ఆగస్టు వచ్చిందంటే వేల మంది స్టూడెంట్లు ఇళ్ల కోసం రోడ్డున పడతారు, వాళ్లలో మన తెలుగు పిల్లలూ చాలామందే. చాలా ఇళ్లు సెప్టెంబరు నుంచి మే వరకు స్టూడెంట్లకే ఇస్తారు. జూన్‌లో అవే ఇళ్లు ఖాళీగా కనిపిస్తాయి, ఫ్యామిలీ అంటే ఓనరు సంతోషంగా ఒప్పుకుంటాడు కూడా, కానీ ఆగస్టు చివర ఖాళీ చేయాలన్న షరతు ఉందో లేదో కాగితం మీద చూసుకోవాలి. జూలైలో ఆర్ట్స్ ఫెస్టివల్, ఆ వెంటనే బాలీబ్రిట్‌లో గుర్రప్పందాల వారం, ఆ రోజుల్లో హోటల్ రేట్లు అడగనే అక్కర్లేదు. అందుకని మీ ఆయన జాయినింగ్ డేట్ జనవరి, మే మధ్యలో ఉండేలా కంపెనీని అడగమనండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ ఫ్యామిలీతో వచ్చేవాళ్లకి ఇదే పెద్ద తేడా.

రెండోది, ఇల్లు నదికి ఏ పక్కన అన్నది. ఊరి మధ్యలోంచి కారిబ్ నది పోతుంది, కార్లు దాటడానికి వంతెనలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో పెద్దది క్విన్‌సెంటినరీ బ్రిడ్జి, 1984లో కట్టింది. రింగ్ రోడ్డు వేస్తామని ఏళ్ల తరబడి అంటూనే ఉన్నారు, 2021లో అనుమతి ఇచ్చారు, 2023లో అదీ కోర్టులో రద్దయింది. కంపెనీలన్నీ తూర్పున, పార్క్‌మోర్, బాలీబ్రిట్‌లో. మీ ఆయన ఫొటోల్లో చూసిన సముద్రం ఒడ్డు, సాల్ట్‌హిల్, నాక్‌నకారా అన్నీ పడమట. మ్యాప్‌లో చూస్తే పదిహేను నిమిషాల దారి, పొద్దున ఎనిమిదిన్నరకి వాన పడుతుంటే గంట కూడా పడుతుంది. కాబట్టి దోయిష్కా, రెన్‌మోర్, ఓరన్‌మోర్, క్లేర్‌గాల్వే వైపు చూడండి. అథెన్‌రై కూడా మంచిదే, రైలు ఉంది, అద్దె కొంచెం తగ్గుతుంది. సముద్రం ఆదివారం చూసుకోవచ్చు, ప్రామెనేడ్ మీద నడిచి చివర గోడని కాలితో తన్ని రావడం ఈ ఊరివాళ్ల అలవాటు, పిల్లలకి భలే సరదా.

కలిసి రావొద్దండి. ఆయన ముందు రావాలి, ఒక రూములో దిగి ఇళ్లు తిరిగి చూసి, అగ్రిమెంట్ అయ్యాక మీరు టికెట్లు కొనాలి. ఇల్లు చూడకుండా ఎవరికీ ఒక్క యూరో పంపకండి, ఫొటోలు పెట్టి డిపాజిట్ కొట్టేసేవాళ్లు ఉన్నారు. డిపాజిట్ ఒక నెల అద్దెకి మించి అడగడానికి చట్టం ఒప్పుకోదు, దానికి తోడు ఒక నెల అడ్వాన్స్, అంతే.

హనుమకొండ_ఆడపడుచు:

చెల్లీ, నేను ఇక్కడ నర్సుని, నాకూ ఇద్దరు పిల్లలు, నువ్వు అడగని సంగతులు కొన్ని చెప్తాను.

ముందు బాబు గురించి. మూడేళ్లు నిండాయి కాబట్టి ప్రభుత్వం ఇచ్చే ఉచిత ప్రీస్కూల్‌కి అర్హుడు, రెండేళ్ల పాటు, రోజుకి మూడు గంటలు, ఏడాదికి 38 వారాలు. వినడానికి మంచిగానే ఉంటుంది, కానీ తొమ్మిదిన్నరకి దింపితే పన్నెండున్నరకి వెళ్లి తెచ్చుకోవాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా ఎవరు చూస్తారు? క్రెష్‌లలో రోజంతా ఉంచే సీటుకి వెయిటింగ్ లిస్ట్ పెద్దది, పర్మిట్ రాకముందే ఈమెయిల్ పెట్టి పేరు రాయించు. పాప స్కూలు రెండున్నరకే వదిలేస్తారు. మీ అత్తగారికి విజిట్ వీసా మీద మూడు నెలలే. హైదరాబాద్‌లో మీ ఇల్లు నడుస్తున్నది ఆవిడ వల్ల, ఇక్కడ ఆ సాయం ఉండదు, అది ఇద్దరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. నాకు నైట్ డ్యూటీలు కాబట్టి మా ఇంట్లో రోజంతా పిల్లల్ని తేవడం మా ఆయన పని, ఆయన కంపెనీలో టైమింగ్ మార్పించుకున్నారు.

పాప స్కూలు. ఇక్కడ ప్రైమరీ స్కూళ్లు ఎక్కువ భాగం కాథలిక్ చర్చి పరిధిలోవే. మనల్ని చేర్చుకోరని కాదు, చేర్చుకుంటారు, కానీ రెండో క్లాసులో కమ్యూనియన్‌కి, ఆరో క్లాసులో కన్ఫర్మేషన్‌కి, అంటే చర్చిలో జరిగే మత వేడుకలకి, క్లాసంతా తయారవుతుంటే మన పిల్లలు పక్కన కూర్చుని బొమ్మలకి రంగులు వేసుకుంటారు. కొందరు పిల్లలకి అది ఏమీ అనిపించదు, మా చిన్నోడు మాత్రం నాకూ తెల్ల చొక్కా, పార్టీ కావాలని ఏడ్చాడు. మతంతో సంబంధం లేని ఎడ్యుకేట్ టుగెదర్ స్కూళ్లు గాల్వేలో ఉన్నాయి, సీటు దొరికితే అదృష్టం. ఐరిష్ భాష అందరికీ ఉంటుంది. 12 ఏళ్లు నిండాక బయటి దేశం నుంచి వచ్చినవాళ్లకి మినహాయింపు ఇస్తారు, మీ పాప చిన్నది కాబట్టి నేర్చుకోవాల్సిందే. దానికి భయపడకు. మా పెద్దది మూడో క్లాసులో వచ్చింది, మొదటి ఏడాది తిప్పలు పడింది, ఇప్పుడు బార్నా దాటి కానెమారా వైపు వెళ్తే రోడ్డు మీద ఐరిష్ బోర్డులు చదివి మాకు అర్థం చెప్తుంది. పుస్తకాలు ప్రైమరీలో ఉచితం. ఇంకో మాట, హైదరాబాద్ సిలబస్‌తో పోలిస్తే లెక్కలు ఇక్కడ నెమ్మదిగా నడుస్తాయి, లెక్కలకి ఇంట్లో నువ్వే కూర్చోపెట్టాలి.

డాక్టరు. ఇక్కడ ముందు మన ఏరియా జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, దగ్గర పేరు నమోదు కావాలి, చాలామంది కొత్తవాళ్లని తీసుకోవడం లేదు, ఇల్లు కుదిరిన రోజే ఫోన్లు మొదలుపెట్టు. పెద్దవాళ్లకి ఒకసారి చూపిస్తే 60 యూరోల చుట్టుపక్కల, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఉచితం. జీపీ చీటీ లేకుండా ఎమర్జెన్సీకి వెళ్తే 100 యూరోలు, గంటలు గంటలు కూర్చోవాలి, అది ఈ దేశంలో ఏ హాస్పిటల్లోనైనా అంతే. ప్రాణం మీదకి వస్తే చూడ్డంలో మాత్రం లోటుండదు, లోపల పనిచేస్తున్నదాన్ని, నమ్మకంగా చెప్తున్నా. పిల్లల టీకాల కార్డులు తప్పకుండా తెచ్చుకో.

ఇగ వాన. రోజంతా దంచికొట్టే వాన కాదు, సన్నగా, గాలితో అడ్డంగా పడుతుంది, గొడుగు పనికిరాదు. అందరికీ మంచి రెయిన్ జాకెట్, పిల్లలకి రెయిన్ ప్యాంట్లు కొను. వానకన్నా చీకటి కష్టం. డిసెంబరులో పొద్దున తొమ్మిదికి కాస్త ముందు తెల్లారుతుంది, నాలుగున్నరకి చీకటి. మొదటి చలికాలం ఇంట్లో ఒక్కదానివే ఉంటే మనసు చాలా దిగులు పడుతుంది, విటమిన్ డి వేసుకో, వాన పడినా సరే రోజుకొకసారి బయటికెళ్లు. జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, పిల్లల్ని నిద్రపుచ్చడమే కష్టం. ఇల్లు చూసేటప్పుడు కిటికీ మూలల్లో, బీరువాల వెనక నల్ల బూజు ఉందా చూడమను, ఇంటికి కరెంటు, హీటింగ్ ఎంత ఖర్చవుతాయో చెప్పే బీఈఆర్ రేటింగ్ ఎంతో అడగమను, డీ కన్నా కిందుంటే చలికాలం బిల్లు భరించలేరు. బట్టలు ఆరవు, డీహ్యూమిడిఫైయర్ కొనుక్కోవాల్సిందే. పోపు పెట్టే ముందు వంటింటి తలుపు మూసి కిటికీ తెరువు, లేకపోతే ఎండుమిర్చి వేగగానే స్మోక్ అలారం మోగుతుంది, పక్కింటివాళ్లు తొంగి చూస్తారు.

లిఫీ_వైపు:

పైన చెప్పినవన్నీ నిజమే, కానీ నేను వేరే మాట చెప్తాను. మేము గాల్వేలో ఉండి డబ్లిన్‌కి మారాం, కారణం మా ఆవిడ ఉద్యోగం. పర్మిట్ ఉన్నవాళ్ల భార్యగా మీకు స్టాంప్ 1జీ అనే అనుమతి వస్తుంది, విడిగా పర్మిట్ లేకుండా ఎక్కడైనా పనిచేయొచ్చు, ఆ విషయంలో ఇబ్బంది లేదు. కానీ హక్కు ఉండటం వేరు, ఆ ఊళ్లో ఉద్యోగం ఉండటం వేరు. గాల్వేలో హెచ్‌పీఈ, సిస్కో, ఎస్ఏపీ, ఫిడెలిటీ ఉన్నాయి, కాదనను, అయినా టెస్టింగ్ ఉద్యోగాలు నెలకి ఎన్ని తెరుస్తారో ఇప్పటి నుంచే లింక్డిన్‌లో రోజూ చూడండి, మీకే అర్థమవుతుంది. డబ్లిన్ కంపెనీలో హైబ్రిడ్ అంటే రైల్లో ఒకవైపే రెండున్నర గంటలు, వారానికి రెండు సార్లు అయినా చిన్న పిల్లలతో అది నడిచే పని కాదు.

మీరు మెడికల్ డివైజెస్ వైపు మారగలిగితే అది వేరే దారి. సాఫ్ట్‌వేర్ వాలిడేషన్, ఐఎస్ఓ 13485 (మెడికల్ డివైజెస్ క్వాలిటీ ప్రమాణం) లాంటివి తెలిసినవాళ్లు ఈ కంపెనీలకే కావాలి, మీ టెస్టింగ్ అనుభవానికి అది దగ్గర. రాకముందు ఆరునెలలు దాని మీద కూర్చోండి. అది కుదరదు, కేవలం మామూలు ఐటీలోనే చేస్తాను అంటే మీ ఆయన్ని లిమరిక్‌లోనూ డబ్లిన్‌లోనూ కూడా ప్రయత్నించమని చెప్తాను. ఇద్దరిలో ఒకరి కెరీర్ కోసం ఇంకొకరిది ఆగిపోతే ఎంత అందమైన ఊరైనా ఇంట్లో మాట పట్టింపులు వస్తాయి.

మియాపూర్_కోడలు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. హనుమకొండ అక్కా, అత్తగారి సంగతి మేము నిజంగా అంత లోతుగా ఆలోచించలేదు, రాత్రి మీ పోస్టు మా ఆయనకి చదివి వినిపించాను. ఇంకో రెండు ప్రశ్నలు. ఒక్క జీతం మీద నలుగురం బతకగలమా? సేఫ్టీ గురించి ఎవరూ చెప్పలేదు, అదీ చెప్పండి, మా అమ్మకి నేను ఏదో ఒకటి చెప్పాలి.

కారిబ్_గట్టు:

లెక్క చెప్తాను. భార్యాభర్తలుగా జాయింట్‌గా ట్యాక్స్ వేయించుకుంటే 58,000 మీద చేతికి నెలకి సుమారు 4,000 యూరోలు వస్తాయి. ఇద్దరు పిల్లలకి చైల్డ్ బెనిఫిట్ నెలకి 280, అది మీరొచ్చి స్థిరపడ్డాక అప్లై చేస్తే వస్తుంది. రెండు బెడ్‌రూముల ఇల్లు 2,000 అటూఇటూ, దొరికితే. కరెంటు, గ్యాస్, ఇంటర్నెట్ కలిపి చలికాలంలో 300 దాకా, సరుకులకి 700, ఫోన్లు, బస్సులు, కారు ఉంటే దాని ఖర్చు. బతకగలరు, మిగిలేది మాత్రం కొంచెమే. ఇండియాలో లోన్ ఈఎంఐ ఉంటే ఇంకోసారి కూర్చుని లెక్క వేసుకోండి. మీకు ఉద్యోగం వస్తే అప్పుడు ఊపిరి ఆడుతుంది. మొదటి జీతం రాకముందే మీ ఆయన పీపీఎస్ నంబరు (మన ఆధార్, పాన్ లాంటిది) తీసుకుని రెవెన్యూ, అంటే ట్యాక్స్ శాఖ, సైట్‌లో ఉద్యోగం రిజిస్టర్ చేసుకోవాలి, లేదంటే ఎమర్జెన్సీ ట్యాక్స్ పడి సగం జీతమే చేతికొచ్చినట్టుంటుంది. తర్వాత తిరిగొస్తుంది గానీ కొత్తలో ఆ డబ్బు లేకపోతే ఇబ్బంది.

కారు మొదటి నెలల్లో వద్దు. ఎయిర్ స్క్వేర్ నుంచి పార్క్‌మోర్‌కి 409 బస్సు ఉంది. మన లైసెన్సు మీద ఏడాది దాకా నడపొచ్చు, రోడ్డుకి ఎడమ పక్కనే కాబట్టి అలవాటు పడటం తేలిక, కానీ ఇన్సూరెన్స్ చాలా ఎక్కువ అడుగుతారు, ఆ ఏడాదిలోపే ఇక్కడి థియరీ టెస్టు, క్లాసులు, డ్రైవింగ్ టెస్టు అన్నీ చేసుకోవాలి, టెస్టు డేటుకే నెలలు పడుతుంది. ఇండియా ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి నో క్లెయిమ్ లెటర్ తెచ్చుకోమనండి, కొందరు ఒప్పుకుంటారు.

హనుమకొండ_ఆడపడుచు:

సేఫ్టీ సంగతి నేను చెప్తాను చెల్లీ, దాచను. 2025 జూలైలో డబ్లిన్ టాలాలో మన మనిషిని కొట్టి బట్టలు లాగేసిన మాట నిజం, ఆ తర్వాత మన ఎంబసీ ఆగస్టు 1న జాగ్రత్తగా ఉండమని ప్రకటన ఇచ్చింది. ఆ వారాల్లో డ్యూటీ అయ్యాక ఒంటరిగా నడిచి రావడానికి మా వార్డులో మలయాళీ అమ్మాయిలు కూడా భయపడ్డారు, మేము ఇద్దరిద్దరం కలిసి బయటికి వచ్చేవాళ్లం. గాల్వేలో ఏమీ జరగదని నేను హామీ ఇవ్వలేను. టీనేజ్ కుర్రాళ్లు గుంపుగా ఉంటే ఒక్కోసారి మాట విసురుతారు, గుడ్డు విసిరిన సంగతీ విన్నాను. జవాబు చెప్పకుండా వచ్చేసి గార్డాకి, అంటే ఇక్కడి పోలీసులకి, ఫిర్యాదు చేయాలి, ఎమర్జెన్సీ అయితే 112 లేదా 999. చాలామంది మనవాళ్లు ఎందుకొచ్చిన గొడవ అని ఊరుకుంటారు, అది తప్పు.

ఇంకో వైపు కూడా చెప్పాలి కదా. 2025 జనవరి 24న ఎయోవిన్ తుఫాను వచ్చింది, ఈ కౌంటీలోనే మేస్ హెడ్ దగ్గర గాలి గంటకి 180 కిలోమీటర్లు దాటింది, దేశం మొత్తం మీద ఏడు లక్షలకు పైగా ఇళ్లకి కరెంటు పోయింది. మాకూ కరెంటు పోయింది, వెంటనే తిరిగి రాలేదు, ఇంట్లో హీటింగ్ లేదు. పక్క సందులో ఉండే ముసలావిడ, అంతకుముందు వాన గురించి తప్ప ఇంకో మాట మాట్లాడని మనిషి, గ్యాస్ స్టవ్ మీద కాచిన సూప్ గిన్నె పట్టుకుని వచ్చి పిల్లల్ని వాళ్లింటికి తీసుకెళ్లి పొయ్యి దగ్గర కూర్చోపెట్టింది. మీ అమ్మకి రెండూ చెప్పు, ఒకటి దాచి ఒకటి చెప్పకు.

మియాపూర్_కోడలు:

చెప్పాను అక్కా, రెండూ చెప్పాను. వెంటనే సరే అనలేదు గానీ వద్దు అనడం ఆపింది.

మేము అనుకుంటున్నది ఇది. ఆయన ఫిబ్రవరిలో జాయినింగ్ అడుగుతారు. నేను ఇక్కడ ఉద్యోగం మానను, పాప నాలుగో తరగతి పరీక్షలు ఇక్కడే రాస్తుంది, ఆలోపు నేను ఆ వాలిడేషన్ కోర్సు మొదలుపెడతాను. ఇల్లు, బాబుకి క్రెష్ సీటు రెండూ చేతికొస్తేనే రాజీనామా. అవి రాకపోతే ఆయన ఏడాది చేసి వెనక్కి రావడమో, ఊరు మార్చడమో చూద్దామని ఇద్దరం మాట పెట్టుకున్నాం.

కారిబ్_గట్టు:

ఫిబ్రవరి మంచిదండి. ఆఫర్ మీద సంతకం పెట్టేముందు మొదటి నెల బస ఖర్చు కంపెనీ ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ని అడగమనండి, అడిగితే ఇచ్చేవాళ్లు ఉన్నారు, అడగకపోతే ఎవరూ ఇవ్వరు. అలాగే ఫ్యామిలీ రెంటల్ కోసం ఎంప్లాయర్ లెటర్, ఇండియాలో ఇప్పటి ఓనరు నుంచి అద్దె సరిగ్గా కట్టారని ఒక ఇంగ్లిష్ లెటర్ తెచ్చుకోమనండి. ఇల్లు చూడ్డానికి ఇరవై మంది వచ్చినప్పుడు కాగితాలు చేతిలో సిద్ధంగా ఉన్నవాళ్లకే ఓనరు ఇస్తాడు. దిగాక ఇక్కడ మెసేజ్ పెట్టమనండి, దోయిష్కా, ఓరన్‌మోర్ వైపు ఇళ్లు చూసేటప్పుడు శనివారాలు నేను తోడు వెళ్తాను.